ఎత్తు పెంచిన బండి – వణకు స్టీరింగు

కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలో నేడు సరుకుబండి లేని వ్యాపారగృహము అరుదు. మన తాతలు ఎడ్లబండ్లపై పత్తి బోరెములను, మిరప మూటలను సంతకు తోలుకొని పోయిరి. నేడు వారి మనుమలు పికప్ అను చిన్న లారీలలో అగ్గిపెట్టెల కట్టలను, పప్పుధాన్యములను, నూనె డబ్బాలను, 2020వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు పొందిన మన కోవిల్పట్టి వేరుసెనగ మిఠాయిని ఊరూరికి చేర్చుచున్నారు. బండి మారినది గాని బండిని నమ్ముకొన్న బ్రతుకు మారలేదు.

పిల్లల తెలుగు చదువు, వివాహసంబంధములు, విద్యార్థి వేతనములు మొదలగు విషయములను చర్చించు ఈ పత్రికలో బండి మరమ్మతుల ప్రసంగము ఏల అని కొందరు సోదరులు అడుగవచ్చును. ఆ బండిని తోలువాడు మన ఇంటి బిడ్డ; కానిచో మన ఇంటి పనిని నమ్ముకొని కుటుంబమును పోషించుకొను మనిషి. వాని ప్రాణముతోను, దారిన పోవువారి ప్రాణములతోను ముడివడిన విషయము సంఘవిషయము కాక మరేమగును?

మన ప్రాంతములో సరుకుబండ్ల ఎత్తును పెంచు అలవాటు కొన్నేండ్లుగా ప్రబలినది. ఇందుకు మూడు కారణములు కనబడుచున్నవి. మొదటిది, మన నల్లరేగడి నేల. వానకాలమున ట్రాక్టరు చక్రములు త్రొక్కిన గాడులు ఎండిన పిమ్మట రాతిగట్టులవలె నిలుచును. పొలము గట్టుదాకా పోవు బండికి అడుగుభాగము తగులకుండ ఎత్తు కావలెనని యజమానులు కోరుదురు. రెండవది, బరువు. నిర్ణీత పరిమితికి మించి ఎత్తిన సరుకుకు బండి క్రుంగకుండ కమానులలో అదనపు పట్టీలు చేర్చుదురు. మూడవది, యువకుల వేడుక. పెద్ద టైర్లు వేసి, సింహము వలె నిలిచిన బండి వారి కన్నులకు ఇంపుగా ఉండును. మొదటి కారణములో అవసరము కలదు. రెండవ దానిలో ఆశ కలదు. మూడవ దానిలో వయసు కలదు. కాని రహదారి ఈ మూడింటిని వేరువేరుగా చూడదు.

ఇతరులకు నీతి చెప్పుటకు ముందు మా తప్పిదమును చెప్పుట న్యాయము. గత సంవత్సరము దీపావళికి ముందటి మాసమున, మా బండి తోలు యువకుడు ఒకనాటి సాయంకాలము తాళపుచెవి ఇచ్చుచు, "మొదలాళీ, అరవై దాటితే స్టీరింగు చేతిలో నిలవడం లేదు, ఒకసారి చూపిద్దాం" అన్నాడు. అది పండుగ సరుకు కదలు కాలము. "ఈ వారము సరుకు పోనిమ్ము, పిమ్మట చూతము" అని మేము అంటిమి. వాడు మరి మాటలాడలేదు. పది దినములు గడచినవి. పదునొకండవ దినమున పప్పు మూటలతో విరుదునగరము నుండి కోవిల్పట్టికి వచ్చుచుండగా మేమును వాని ప్రక్కనే కూర్చుండియుంటిమి. సాత్తూరు వద్ద వైప్పారు వంతెన దాటునప్పుడు ముందు చక్రము ఒక అతుకుపై ఎగిరిపడినది. అంతే. స్టీరింగు చక్రము వాని చేతులలో నుండి పెరికికొనునంత ఉద్ధృతముగా ఊగసాగినది. అద్దములో ఏమియు కనబడకుండ బండి ముందుభాగమంతయు గడగడలాడినది. వెనుకనుండి బస్సు హారను మ్రోగుచున్నది. ఆ యువకుడు గట్టిగా బ్రేకు త్రొక్కక, చేతులు సడలింపక, మెల్లగా వేగము తగ్గించి రోడ్డు అంచునకు చేర్చెను. బండి నిలిచిన తరువాత చాలసేపు మా ఇరువురికి నోట మాట రాలేదు. వాడు మమ్ము నిందించలేదు. ఆ మౌనమే ఈ సంపాదకీయమును వ్రాయించుచున్నది.

తరువాత మెకానిక్కు బండిని విప్పి చూపగా, టైరాడ్ కీలు ఒకటి అరిగి వదులైనది. కమాను షాకిలు బుష్షులు చిరిగినవి. ముందు ఇరుసును కమానుకు బిగించు యూబోల్టు నట్టులు సడలియున్నవి. అంతకు ఆరు మాసముల ముందు ఎత్తు కొరకు ముందు కమానులలో పట్టీలు చేర్పించినవారము మేమే. మరమ్మతుకు అయిన ఖర్చు ఒక మిరప మూట వెలకు మించలేదు. గోటితో పోవుదానిని గొడ్డలిదాకా తెచ్చుకొనుట అనగా ఇదియే.

ఈ వణకును గూర్చి మనలో ఒక అపోహ కలదు. రోడ్డు బాగులేదనియో, తోలువానికి చేతనగుట లేదనియో అనుకొందుము. అది సరికాదు. ముందు ఇరుసు ఒకే దుక్కగా రెండు చక్రములను కలిపియుండు బండ్లలో ఇది ముఖ్యముగా కనబడును. మన సరుకుబండ్లలోను, పాత జీపులలోను పెక్కింటికి ఇట్టి ఇరుసే కలదు. ఒక చక్రము గతుకులో పడి లేచినప్పుడు ఆ కుదుపు ఇరుసు ద్వారా రెండవ చక్రమునకు పోవును. రెండు చక్రములును ఒకేసారి కుడికి, వెంటనే ఎడమకు తిరుగసాగును. కీళ్ళు బిగువుగా ఉన్నచో ఆ కదలిక అక్కడనే అణగిపోవును. కీళ్ళలో సందు ఉన్నచో ప్రతి ఊపు తరువాతి ఊపునకు బలము చేకూర్చును. ఉయ్యాలను చూడుడు. చిన్నబిడ్డయైనను సరియైన క్షణమున చిటికెనవ్రేలితో తోయుచున్నచో అది ఆకాశమునకు ఎగురును. ఇక్కడ ఉయ్యాలను తోయునది బండి వేగమే. తోపుడుబండికి ముందుండు చిన్నచక్రము వేగముగా తోసినప్పుడు గిలగిల కొట్టుకొనుట మీరు చూచియే యుందురు. టన్ను బరువు మోయు బండికి అదే జబ్బు వచ్చినచో దాని ఫలమును ఊహించుకొనుడు. అమెరికాలో దీనికి 'డెత్ వాబుల్', అనగా మృత్యుకంపము, అని పేరు పెట్టిరి. పేరు వికటముగా ఉన్నను అబద్ధము కాదు.

ఇది క్రొత్త రోగము కాదు. 1920 దశాబ్దమున మోటారు కార్లకు గాలి ఒత్తిడి తక్కువగా నుండు లావుపాటి 'బెలూను' టైర్లను, ముందు చక్రములకు బ్రేకులను అమర్చిన కాలమున ఈ వణకు పలు దేశములలో ఇంజనీర్లను వేధించినది. నాటి ఒక నాట్యము పేరిట దానిని 'షిమ్మీ' అని పిలిచిరి. ఫ్రాన్సు దేశీయుడైన జార్జి బ్రూలియే 1925వ సంవత్సరమున దీనిపై ప్రసిద్ధమైన పరిశోధన ప్రకటించెను. ముందు చక్రములు రెండును ఒకే ఇరుసుకు కట్టుబడక విడివిడిగా కదలు ఏర్పాటు 1934 నాటికి అమెరికను కార్లలో వ్యాపించుటకు గల కారణములలో ఈ బాధయు ఒకటి. కార్లకు ఆ ఏర్పాటు వచ్చినను, బరువు మోయుటకు దృఢమైనదియు, చవకయైనదియు కనుక దుక్క ఇరుసు సరుకుబండ్లలో నిలిచియున్నది. అందు తప్పు లేదు. తయారుచేసినవారు లెక్కించి నిలిపిన కొలతలను మనము చెరచుటయే తప్పు. వంద సంవత్సరముల క్రిందట లావు టైర్లతో వచ్చిన చిక్కును నేడు మనము డబ్బు చెల్లించి మరల కొని తెచ్చుకొనుచున్నాము.

ఎత్తు పెంచుటచేత కలుగు హాని ఏది? మొదట, చక్రము తిరుగు కింగ్‌పిన్ను కొద్దిగా వెనుకకు వాలియుండును. ఆ వాలునకు క్యాస్టరు అని పేరు. స్టీరింగు తనంతట తాను తిన్నదనమునకు తిరిగివచ్చుటకు అది తోడ్పడును. కమానులో పట్టీలు చేర్చినను, పొడుగు షాకిళ్ళు వేసినను, వెనుకభాగమును మాత్రమే పైకెత్తినను ఆ కోణము మారిపోవును. నిర్ణీతమునకు తక్కువైనను, ఎక్కువైనను అది చేటే. రెండవది, స్టీరింగు పెట్టె నుండి చక్రమునకు పోవు డ్రాగ్ లింకు కడ్డీ నిటారుగా వాలిపోవును. అప్పుడు బండి గతుకులో లేచి పడిన ప్రతిసారియు తోలువాడు త్రిప్పకయే చక్రములు ప్రక్కకు తిరుగును. మూడవది, పెద్ద టైర్లు బరువైనవి; వాని ఊపును ఆపుటకు కీళ్ళపై ఎక్కువ భారము పడి అవి త్వరగా అరుగును. నాల్గవది, ఎత్తైన బండి బరువు నడిమి చోటు పైకి పోవును. వణకు పుట్టినప్పుడు తిరగబడు అపాయము హెచ్చును. పైన అగ్గిపెట్టెల కట్టలున్న బండి తిరగబడినచో ఏమగునో మన ప్రాంతము వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

తూనిక తెలిసిన వర్తకులము కనుక ఒక లెక్క చూతము. చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు గల చక్రము గంటకు 60 కిలోమీటర్ల వేగమున సెకండుకు ఏడున్నర సార్లు తిరుగును. ఆ చక్రము మధ్యనుండి 20 సెంటీమీటర్ల దూరమున, ఒక ప్రక్క 30 గ్రాముల బరువు, అనగా మన పాత లెక్కలో రెండున్నర తులములు, అధికముగా ఉన్నదనుకొందము. అది ప్రతి చుట్టునకు సుమారు 1.4 కిలోల బలముతో చక్రమును లాగును. వేగము 80 అయినచో ఆ లాగుడు రెండున్నర కిలోలకు చేరును. వేగము రెట్టింపైనచో లాగుడు నాలుగింతలగును. సెకండుకు ఏడెనిమిది సార్లు వదులు కీలుపై సుత్తితో కొట్టినట్లే గదా! త్రాసులో రెండున్నర తులముల తేడాను సహింపని మనము, చక్రములో దానిని ఏండ్ల తరబడి సహించుచున్నాము. టైరు మార్చినప్పుడెల్ల వీల్ బాలెన్సింగు చేయించుట, నిర్ణీతమైన గాలి ఒత్తిడిని ఉంచుట, ఒక ప్రక్క అరిగిన టైరును ముందు చక్రమునకు వేయకుండుట విలాసములు కావు, కనీస ధర్మములు.

మరియొక మోసమును గూర్చి హెచ్చరించుట మా విధి. వణకు వచ్చుచున్నదని చెప్పగానే స్టీరింగు డ్యాంపరు అను గొట్టమునొకదానిని బిగించి, "ఇక నిశ్చింతగా పొండు" అని పంపువారు కలరు. డ్యాంపరు మంచి సాధనమే; తయారీదారు అమర్చిన చోట దాని పని దానికున్నది. కాని వదులైన కీలును వదిలి డ్యాంపరును బిగించుట, జ్వరమునకు కారణమెరుగక ఒంటిపై తడిగుడ్డ వేయుట వంటిది. కొన్నాళ్ళు వణకు కనబడదు. లోపల కీలు అరుగుచునే యుండును. డ్యాంపరు అలసిన నాడు రోగము ముదిరిన స్థితిలో బయటపడును.

మరి చేయవలసినదేమి? నెలకొకసారి అరగంట చాలును. బండిని సమతలముగా నున్న చోట నిలిపి, వెనుక చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, చేతిబ్రేకు వేయవలెను. ఒకరు లోపల కూర్చుండి స్టీరింగును కొద్దిగా కుడికి, ఎడమకు ఆడించవలెను. మరియొకరు ముందు ప్రక్కన నిలిచి వంగి, స్టీరింగు పెట్టె, దాని చేయి, డ్రాగ్ లింకు, టైరాడ్ కీళ్ళు, షాకిలు బుష్షులు ఒక్కొక్కటిగా చూడవలెను. ఒక కడ్డీ కదలినప్పుడు దానికి తగిలియున్న రెండవది వెంటనే కదలవలెను. నడుమ ఒక్క క్షణము ఆలస్యమున్నను, టక్కుమను శబ్దము వచ్చినను అక్కడనే దొంగ దాగియున్నాడు. పిమ్మట ముందు చక్రమును జాకీతో ఎత్తి, ఇరుసును బలమైన దిమ్మపై ఆనించవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. చక్రమును పైన, క్రింద పట్టి ఊపినచో కింగ్‌పిన్ను, బేరింగుల వదులు తెలియును. కుడి ఎడమల పట్టి ఊపినచో టైరాడ్ వదులు తెలియును. యూబోల్టులను సరియైన బిగువునకు బిగించి చూడవలెను. కమాను పని జరిగిన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట వానిని మరల తప్పక బిగించవలెను. మేము ఆ పని చేయకపోవుటయే మా బండికి చేటు తెచ్చినది.

దారిలో వణకు పుట్టినచో తోలువాడు రెండు చేతులతో స్టీరింగును దృఢముగా పట్టుకొనవలెను, కాని దానితో కుస్తీ పట్టరాదు. యాక్సిలేటరు నుండి కాలు తీసి, వేగము దానంతట తగ్గనీయవలెను. హఠాత్తుగా బ్రేకు త్రొక్కరాదు. వేగము పెంచి దాటుదమను సాహసము అసలే కూడదు. అంచున నిలిపిన పిమ్మట, "ఆగిపోయినది గదా" అని వెంటనే మరల బయలుదేరరాదు. వణకు ఆగినది గాని కారణము పోలేదు. ఆ కుదుపులో మరి యే నట్టు సడలినదో, మరి యే కీలు విరుగుటకు సిద్ధముగా నున్నదో చూడక కదలుట ఆత్మహత్యాసదృశము.

చట్టము మాట కూడ తెలిసియుండుట మేలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు ఈ సూత్రమును గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరము జరిగిన సవరణ ప్రకారము, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు మాసములదాకా జైలు, లేక రెండును విధింపవచ్చును. పరిమితికి మించిన బరువునకు 20,000 రూపాయలు, అదనపు ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా కలదు. గమనింపుడు, మార్పునకు శిక్ష యజమానికి గాని తోలువానికి కాదు. చట్టము న్యాయముగానే నిర్ణయించినది. ఎత్తు పెంచుమని చెప్పినవాడు తోలువాడు కాడు గదా.

ఇక్కడనే మేము ముఖ్యముగా చెప్పదలచిన మాట కలదు. వదులు కీలు ఒక అప్పు. దానికి దినదినము వడ్డీ పెరుగును. అప్పు చేసినవాడు యజమాని. తీర్చవలసిన గడువు వచ్చిన నాడు చెల్లించువాడు స్టీరింగు వద్ద కూర్చున్న బీదవాడు. ఒక్కొక్కప్పుడు ఎదురుగా వచ్చు ద్విచక్రవాహనముపై నున్న కుటుంబము. మన పూర్వులు పరాయి నేలకు వచ్చి, కరువు నేలను సాగుచేసి, మాట తప్పని వర్తకులని పేరు తెచ్చుకొనిరి. ఇరువది రూపాయల బాకీని తీర్చుటకు మైళ్ళు నడచిన తాతల కథలు మన ఇండ్లలో చెప్పుకొందుము. అట్టి వంశమున పుట్టినవారము, మరియొకరి ప్రాణము కుదువబెట్టి వ్యాపారము చేయుట తగునా?

కావున సంఘ కార్యవర్గము ముందు రెండు ప్రతిపాదనలను ఉంచుచున్నాము. మొదటిది, సరుకుబండి గల ప్రతి గృహమును బండిలో ఒక చిట్టా ఉంచవలెను. స్టీరింగు, బ్రేకు, టైర్లను గూర్చి తోలువాడు ఏ లోపము గమనించినను ఆ దినముననే అందు వ్రాయవలెను. వ్రాయనేరనివాడు చెప్పగా ఇంటివారు వ్రాయవలెను. యజమాని ఆ సాయంకాలమే చేవ్రాలు చేసి, ఏమి చేయనున్నాడో తేదీతో సహా వ్రాయవలెను. రోజువారి జమాఖర్చులను పైసాతో సహా వ్రాయు మనకు ఇది భారము కాదు. రెండవది, నెలకు ఒక ఆదివారము ఉదయము కోవిల్పట్టిలోను, మరియొక ఆదివారము విరుదునగరములోను, అనుభవము గల మెకానిక్కులను పిలిపించి, సంఘసభ్యుల బండ్లను, వారి వద్ద పనిచేయువారి బండ్లను వరుసగా పరీక్షింపజేయవలెను. భాషాభేదము లేకుండ ఇరుగుపొరుగు వారిని కూడ ఆహ్వానింపవలెను. రహదారిపై మనకును వారికిని వేరు వేరు మృత్యువులు లేవు.

ఎత్తు పెంచిన బండ్లు గల సోదరులను మేము నిందించుటలేదు. మేమును వారిలో ఒకరమే. మా బండిలోని అదనపు పట్టీలను తీయించితిమి. బండి కొంచెము క్రిందికి దిగినది. ఎత్తు సరుకు ఒక మూట తగ్గినది. పొలముదారిలో చివరి కొంతదూరము కూలీలచే మోయించవలసి వచ్చుచున్నది. లాభములో కొంత కోతపడిన మాట నిజమే. కాని మా తోలువాడు ఇప్పుడు సాయంకాలము తాళపుచెవి ఇచ్చునప్పుడు ఏదైన చెప్పినచో మేము కూర్చుండి వినుచున్నాము. ఈ వారము మీరును మీ బండి తోలువానిని పిలిచి, "స్టీరింగు ఎట్లున్నది?" అని ఒక్క ప్రశ్న అడుగుడు. ఆతని సమాధానము పూర్తియగువరకు వినుడు. అంతకంటె మేము కోరునది లేదు.